కాలు తగలకూడదని

ట్రాక్టరు కాటా మీదికెక్కి ఆగింది. శివపార్వతి కిటికీలోంచి తల బయటపెట్టి బండి నంబరు చూసుకుంది. నంబరు కొట్టింది, రైతు పేరు కొట్టింది, ఊరు కొట్టింది, తూకం బటను నొక్కింది. తెర మధ్యలో చిన్న చక్రమొకటి పుట్టి తిరగసాగింది.

ఇక చేసేదేమీ లేదు. అది తిరిగినంతసేపూ ఏ మీట నొక్కినా పట్టించుకోదు. తొందరపడి రెండోసారి నొక్కితే మొత్తం మొదటికొస్తుంది. అందుకని ఆమె చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చిక్కంతా అక్కడే ఉంది. కాటాగది కిటికీ ముందు నిలబడ్డవాళ్ళకి తెర వీపు కనిపిస్తుంది గానీ దానిమీద తిరిగే చక్రం కనిపించదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని తీరిగ్గా కూర్చున్న ఆడమనిషి కనిపిస్తుంది.

"ఏమ్మా పార్వతమ్మా, జపం పూర్తయిందా?" ట్రాక్టరు మీదినుంచి మీరా హుస్సేన్ గట్టిగా అడిగాడు. ఏటా ఈ జిన్నింగు మిల్లుకే పత్తి తోలే రైతు. గొంతు పెద్దది, మనసులో ఏదీ దాచుకోడు. "కార్తీకమాసం నీకు గానీ మాకేంటమ్మా? పొద్దున్నుంచీ మాచేత కూడా ఉపవాసం చేయిస్తున్నావు!"

వెనక ట్రాక్టర్లవాళ్ళు నవ్వారు. ఎవడో ఈల వేశాడు.

"నేను కొట్టేశానండీ. ఇదే కదలట్లేదు."

"అది కదలక, నువ్వు కదలక, మేమిక్కడే కాపరం పెట్టాల్సొచ్చేట్టుంది. ఇంట్లో చెప్పి కూడా రాలేదు నేను."

మళ్ళీ నవ్వులు. చక్రం ఆగింది. ప్రింటరు గరగరమని చీటీ తీసింది. శివపార్వతి దాన్ని చింపి కిటికీలోంచి అందించింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు గానీ చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం మిల్లు యజమాని యలమందయ్య వచ్చాడు. గడప అవతలే చెప్పులు విడిచాడు. కాటాగదిలోకి ఎవరొచ్చినా విడవాల్సిందే, గోడ గూట్లో లక్ష్మీదేవి పటం ఉంది. పటం పక్కనే, పసుపు గుడ్డ చుట్టుకుని, కంప్యూటరు డబ్బా ఉంది. అంతకుముందు అది బల్లకింద నేలమీద ఉండేది. కుర్చీలో సర్దుకుని కూర్చున్నప్పుడల్లా శివపార్వతి పాదం దానికి తగిలేది. తగిలినప్పుడల్లా వంగి, ముట్టుకుని, కళ్ళకద్దుకునేది. అన్నం పెట్టే వస్తువు కాళ్ళదగ్గరేంటని మనసు పీకుతుండేది. కిందటేడు దసరాకి ఆయుధపూజ చేస్తున్నప్పుడు యలమందయ్యని అడిగి, వడ్రంగిచేత గూటి తలుపు అడుగున తీగలకి సందు కోయించి, డబ్బాని పైకి ఎక్కించింది. గాల్లో ఎగిరే పత్తి నూగు పడకుండా గుడ్డ చుట్టింది. ప్రతి శుక్రవారం ఆ గుడ్డ మార్చి ఉతికినది చుడుతుంది. పొద్దున్నే తలుపు తీసి, డబ్బా బటను నొక్కి, అగరొత్తి వెలిగించి, మళ్ళీ తలుపు చేరవేస్తుంది.

యలమందయ్య గూటికి దణ్ణం పెట్టుకుని ఇటు తిరిగాడు.

"పార్వతీ, బండ్ల వరస రోడ్డెక్కింది. పక్క మిల్లువాడు మనిషిని పెట్టి మరీ మన రైతుల్ని పిలుచుకుపోతున్నాడు."

"కంప్యూటరు నెమ్మదండీ."

"కంప్యూటరు నెమ్మదేంటి? కొన్నప్పుడు షాపువాడు ఏమన్నాడు? దీన్ని మించింది సత్తెనపల్లిలోనే లేదన్నాడు."

"అన్నాడండీ. లోపల ఏం పెట్టాడో మనం చూశామా?"

యలమందయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెప్పడానికి ఇష్టంలేని మాటేదో ఉన్నప్పుడు ఆయన అట్లా చేస్తాడని శివపార్వతికి తెలుసు.

"సోమవారం కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కిస్తున్నారు. ఆ రోజునుంచి మా చైతన్య ఇక్కడ కూర్చుంటాడు. నా చెల్లెలి కొడుకు, చదువైపోయి ఖాళీగా ఉన్నాడు. వాడి వేళ్ళు చూశావుగా, ఫోను మీద ఎట్లా ఆడతాయో. నువ్వు మళ్ళీ దూది కొట్టంలోకి పో. నిన్ను తీసేస్తానంట్లా."

దూది కొట్టం అన్న మాట వినగానే ఆమె చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆ కొట్టంలో పనిచేసిన రోజుల్లో ముక్కుకి ఎంత గట్టిగా కొంగు కట్టుకున్నా నూగు లోపలికి పోయేది. ఇంటికెళ్ళి పడుకుంటే ఊపిరందక, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. అక్కణ్ణుంచి ఈ కుర్చీలోకి వచ్చాకే ఆమె మెట్లెక్కగలుగుతోంది, భర్త పక్కన కూర్చుని నాలుగు మాటలు దగ్గకుండా మాట్లాడగలుగుతోంది.

"లోపం డబ్బాదని తేలితేనండీ?"

"తేలితే కొత్తది కొంటా. అప్పుడు నిన్నెందుకు లేపుతాను? కానీ తేలాలిగా! ఊరికే డబ్బామీద తోస్తే ఎట్లా?"

ఆయన వెళ్ళిన కాసేపటికే ఫోను మోగింది. మంగళగిరిలోని సాఫ్ట్‌వేరు ఆఫీసునుంచి అర్ఫా అనే అమ్మాయి.

"మేడమ్, సోమవారం ఇన్‌స్టలేషన్ ఉంది కదా. మీ సిస్టమ్ కాన్ఫిగరేషన్ చెప్తారా?"

"అంటే ఏంటమ్మా?"

"ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఏ రకం. ర్యామ్ ఎనిమిది జీబీ కన్నా తక్కువైతే మా సాఫ్ట్‌వేర్ నడవదు మేడమ్."

"తక్కువైతే కంప్యూటరు నెమ్మదిగా ఉంటుందా?"

"బాగా స్లో అవుతుంది మేడమ్."

శివపార్వతి ఫోను పెట్టేసి గూటివైపు చూసింది. తక్కువే ఉండాలి తల్లీ అనుకుంది. ఒక వస్తువులో లోపముండాలని దేవుణ్ణి కోరుకోవడం ఆమెకి అదే మొదటిసారి.

*

మర్నాడు తెల్లవారుతూనే మిల్లుకొచ్చింది. బండ్లు రాకముందే సంగతి తేల్చుకోవాలని. ముందుగా డబ్బాకి అంటించిన కాగితం గుర్తొచ్చింది. కొన్నరోజు పూజకి మిల్లువాళ్ళందరితోపాటు వచ్చినప్పుడు ఆ కాగితం మీద సన్నటి అక్షరాలతో ఏవేవో వివరాలుండటం ఆమె చూసింది. గుడ్డ విప్పింది. కాగితం ఉన్నచోట పసుపు గడ్డకట్టి ఉంది.

అది యలమందయ్య భార్య చేతి పసుపు. దసరాకి మిల్లులో ప్రతి యంత్రానికీ ఆవిడే పసుపు రాసి కుంకుమ పెడుతుంది. డబ్బా నున్నటి రేకు. తడిపసుపు దానిమీద నిలవదు, జారిపోతుంది. నిలిచే చోటు ఆ కాగితమొక్కటే. అందుకని ఏటా అక్కడే రాసేది. కొన్నేళ్ళ పసుపు, కుంకుమ, గంధం ఒకదానిమీద ఒకటి ఎండి అట్టకట్టాయి. కింద ఒక్క అక్షరమూ కనపడదు.

పూజలో పెట్టిన బొట్టుని మళ్ళీ దసరా వచ్చేదాకా చెరపకూడదు. ఆ మాట ఎవరు చెప్పారో ఆమెకి గుర్తులేదు గానీ చిన్నప్పటినుంచీ తెలుసు. గుడ్డ మళ్ళీ చుట్టేసింది.

అర్ఫాకి ఫోను చేసింది.

"మేడమ్, దిస్ పీసీ అని ఉంటుంది. దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కండి."

"ఎక్కడుంటుందమ్మా?"

"మీ స్క్రీన్ మీదే, ఎడంపక్కన."

"నా తెరమీద కాటా తప్ప ఏమీ లేదమ్మా. పొద్దున ఆన్ చెయ్యగానే అదే వస్తుంది, సాయంత్రం ఆపేదాకా అదే ఉంటుంది."

"మినిమైజ్ చేయండి మేడమ్."

"ఆ గీత కూడా లేదు."

"అయితే విండోస్ గుర్తున్న బటన్ ఉంటుంది చూడండి. అదీ, ఆర్ అక్షరం కలిపి నొక్కండి."

నొక్కింది. కాటా కదల్లేదు. గట్టిగా నొక్కింది. మీటల సందుల్లో ఇరుక్కున్న నూగు వేలికి అంటుకుంది తప్ప ఏమీ కాలేదు.

"రాలేదా? అయితే లాక్ చేసినట్టున్నారు మేడమ్. మీ సర్వీస్ పర్సన్‌ని అడగండి. పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంటుంది."

సర్వీసు మనిషంటే మాలిక్. సత్తెనపల్లి బస్టాండు దగ్గర చిన్న కొట్టు. ఇంతకుముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన కంప్యూటర్లో పేకాట ఆడుతున్నాడని, యలమందయ్యే చెప్పి మాలిక్‌చేత కాటా తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా బిగింపించాడు. ఆయన చేసిన తప్పుకి వేసిన తాళం ఇప్పుడు తన మొహాన పడింది.

"అక్కా, దార్లో ఉన్నా. వచ్చేస్తా," అన్నాడు మాలిక్.

"ఏ దారిలో?"

"పిడుగురాళ్ళ. ఇక్కడ ఆసుపత్రిలో అన్ని సిస్టమ్‌లూ పడిపోయినయ్. సాయంత్రానికి నీ దగ్గరుంటా."

"ఆ పాస్‌వర్డేదో ఫోన్లో చెప్పరాదూ?"

"అక్కా, అది షావుకారుగారి ముందే కొడతానని మాటిచ్చా. నాకు మాటొస్తుంది."

సాయంత్రం రాలేదు. ఫోను ఎత్తలేదు.

ఈలోగా బండ్లు రానే వచ్చాయి. చక్రం తిరుగుతూనే ఉంది. మీరా హుస్సేన్ తమ్ముడి వరసవాడు ఒకడు కిటికీ దగ్గరకొచ్చి, "అమ్మా, నీకేమన్నా ఒంట్లో బాగాలేదా?" అని నిజంగానే జాలిగా అడిగాడు. వెక్కిరింతకంటే ఆ జాలి ఎక్కువ గుచ్చుకుంది.

అన్నాల వేళ కాటా ఖాళీ అయినప్పుడు ఇంకో ఉపాయం తట్టింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసినప్పుడు, కాటా రాకముందు, నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు రెప్పపాటుసేపు మెరుస్తాయి. అందులో ఏమన్నా రాసుంటుందేమో. ఆపి వేసింది. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. మెరిసి మాయమయ్యాయి. ఫోను చేత్తో పట్టుకుని మళ్ళీ ఆపి వేసింది. ఫొటో తీసింది. చూస్తే నల్లటి తెరలో తన మొహమే పడింది, నుదుటిమీద బొట్టుతో సహా. అక్షరాలు లేవు. మరోసారి. ఈసారి అక్షరాలు పడ్డాయి గానీ అలికినట్టు పడ్డాయి. మరోసారి ఆపబోతుంటే బయట హారను మోగింది.

"పార్వతమ్మోయ్! ఉన్నావా, భోజనానికెళ్ళి అటే పోయావా?"

కాటా మళ్ళీ తెరుచుకునేదాకా ఆ లారీ డ్రైవరు హారను మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

శుక్రవారం గుడ్డ మార్చే రోజు. తలంటుకుని వచ్చింది. పాత గుడ్డ విప్పి, కొత్త గుడ్డ చేతిలో పట్టుకుని, పసుపు అట్టకట్టిన ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. సోమవారం తర్వాత ఈ గుడ్డ మార్చేవాళ్ళుంటారో లేదో. చైతన్యబాబుకి ఇవన్నీ ఎక్కడ పడతాయి? అమ్మవారి పటంవైపు చూసింది. "బొట్టు చెరుపుతున్నానని కాదు తల్లీ. కింద ఏం రాసుందో చూసి మళ్ళీ నేనే పెడతాను," అని పైకే చెప్పుకుంది. కొంగు చివర నీళ్ళలో ముంచి మెల్లగా అద్దింది.

పసుపు నానింది. పొరలు పొరలుగా లేచింది. ఒక పొర, ఇంకో పొర, గంధం, మళ్ళీ పసుపు. ఆఖరి పొర తుడిచాక వంగి చూసింది.

కాగితం పచ్చగా, ఖాళీగా ఉంది. అక్షరాలు పసుపుతోపాటే లేచి వచ్చేశాయి. ఎక్కడో ఒక మూల గీతలు గీతలుగా ఓ మచ్చ మిగిలింది.

ఆమె అక్కడే నేలమీద కూలబడింది. చెయ్యకూడని పని చేసింది. చేసినందుకు దక్కిందీ లేదు. కొంగుకి అంటిన పసుపు వంక చూస్తే ఏడుపొచ్చింది. ఏడిస్తే బయటివాళ్ళకి కనపడుతుందని లేచి, వేలితో పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుడ్డ చుట్టి, గూటి తలుపు చేరవేసింది.

*

శనివారం మధ్యాహ్నం మాలిక్ మోటారుసైకిలు మిల్లు గేట్లో ఆగింది.

"ఏమనుకోబాకక్కా, మొన్న ఆసుపత్రి, నిన్న జుమ్మా. ఇదిగో వచ్చా."

యలమందయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. చైతన్యకృష్ణ కూడా వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, చేతిలో ఫోనుతో. చెడ్డ పిల్లవాడేమీ కాదు. ఈ కుర్చీ కావాలని అతనేమీ అడగలేదు, వద్దని చెప్పడమూ చేతకాలేదు. మాలిక్ ఏవో మీటలు కలిపి నొక్కి, పాస్‌వర్డు కొట్టాడు. ఇన్నాళ్ళూ తెరంతా పరుచుకుని కూర్చున్న కాటా చటుక్కున పక్కకి తప్పుకుంది. వెనక నీలంరంగు తెర బయటపడింది. శివపార్వతికి తన గదిలోనే తనకి తెలియని ఇంకో గది ఉన్నట్టనిపించింది.

మాలిక్ రెండు నొక్కులు నొక్కాడు. అంతే. రెండే రెండు నొక్కులు.

"ఇదిగో. ప్రాసెసరు ఐ ఫైవ్. ర్యామ్ ఎనిమిది జీబీ. డిస్కు కూడా కొత్త రకం, ఎస్సెస్‌డీ. బంగారం లాంటి బండక్కా ఇది. షాపువాడు మోసం చెయ్యలా."

చైతన్యకృష్ణ ముందుకి వంగి చూశాడు. "సూపరుంది ఆంటీ. నా ల్యాప్‌టాప్ కన్నా ఇదే బెటర్." మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

శివపార్వతి తెరమీది అక్షరాల్ని ఒకటికి రెండుసార్లు చదివింది. ఎనిమిదే. తక్కువ కాదు. ఇన్ని అవస్థలు పడి, బొట్టు కూడా చెరిపి తను వెతుక్కున్న సాక్ష్యం తీరా దొరికి ఎదుటివాళ్ళ పక్షాన చెప్పింది.

"విన్నావుగా," అన్నాడు యలమందయ్య. కోపంగా కాదు, మామూలుగానే. మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని పత్తి దించేవైపు వెళ్ళిపోయాడు.

మాలిక్ సంచి సర్దుకోబోయాడు.

"మాలిక్."

"ఏంటక్కా?"

"అంత బంగారమైతే నా దగ్గరెందుకట్లా ఏడుస్తుంది? నేనేమన్నా తప్పు నొక్కుతున్నానా? ఒక్క తూకం నా ముందు నువ్వు వెయ్యి. నీ చేతికి ఎట్లా వస్తదో చూస్తా."

అతను కుర్చీలో కూర్చున్నాడు. బండి నంబరు కొట్టాడు, పేరు కొట్టాడు, తూకం నొక్కాడు. చక్రం పుట్టింది. తిరిగింది. మాలిక్ చేతులు కూడా వెళ్ళి అతని ఒళ్ళోనే పడ్డాయి. వాటిని చూసి శివపార్వతి గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది.

"ఇదేందక్కా ఇట్లుంది?" మాలిక్ తెర పక్కన ఇంకేదో తెరిచి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "లోపల కాలిపోతోంది. డబ్బా ఏది?"

ఆమె గూడు చూపించింది. అతను లేచాడు గానీ గూటి ముందు ఆగిపోయాడు. "అమ్మవారి పక్కనుంది కదా. నువ్వే తీసియ్యక్కా."

ఆమె తీగలు పీకి, డబ్బాని కిందికి దించింది. గుడ్డ మీదినుంచే వేడి తెలిసింది, పొయ్యిమీదినుంచి అప్పుడే దించిన గిన్నెలా. మాలిక్ మరలు విప్పి పక్కరేకు జరిపాడు.

లోపల ఫ్యాను కనపడలేదు. ఫ్యాను ఉండాల్సినచోట బూడిదరంగు పరుపొకటి ఉంది. మాలిక్ రెండు వేళ్ళతో దాని అంచు పట్టుకుని లాగితే దిండులోని దూదిలా ముద్దగా ఊడొచ్చింది.

"అల్లా! పత్తంతా ఇందులోనే ఆడించారేందక్కా?" నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. "వేడెక్కితే ఇది తనంతట తనే నెమ్మదిస్తదక్కా. గట్టిగా పనిచేస్తే కాలిపోతానని దానికి తెలుసు. నేను ఏటా సీజను ముందు వచ్చి గాలి కొట్టి పోయేవాణ్ణి కదా. పోయినేడు వస్తే నువ్వే వద్దన్నావు. పూజ చేసి గూట్లో పెట్టాం, విప్పబాక అన్నావు."

అన్నది. గుర్తొచ్చింది. ఈ గడప దగ్గరే నిలబెట్టి, మంచినీళ్ళిచ్చి, పంపేసింది. ఈ ఏడు అతను రానే లేదు.

ఆ బూడిదరంగు ముద్దని ఆమె చేతిలోకి తీసుకుంది. దాని బరువు తెలియదు. కానీ అది లోపల పేరుకుంటే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ముక్కుకి గుడ్డ, తలుపులు మూసిన కొట్టం, అడుగు తీసి అడుగు వెయ్యలేని ఆయాసం. అవన్నీ తను పడినవే. ఈ డబ్బాని తను అంత ప్రేమగా తెచ్చి అందులోనే కూర్చోబెట్టింది.

మాలిక్ బయటికి తీసుకెళ్ళి బ్లోయరుతో గాలి కొట్టాడు. తెల్లటి నూగు పొగలా లేచింది. తెచ్చి తీగలు తగిలించి తూకం నొక్కితే చక్రం కనపడనే లేదు. అంకె వచ్చి కూర్చుంది.

"షావుకారుగారికి వైరసని చెప్తాలే అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "వైరసంటే ఎవరూ ఎదురు అడగరు. నీమీదికి రాదు."

"మళ్ళీ గూట్లోనే పెడితే?"

"మళ్ళీ ఇంతే. దీనికి గాలాడాలక్కా. గుడ్డలూ తలుపులూ వద్దు."

బల్లమీద చూసింది. తూకం అంకెల పెట్టె, తెర, ప్రింటరు, మీటలు. చెయ్యి పెట్టే సందు కూడా లేదు. మిగిలింది బల్లకింద నేల.

"నువ్వేమీ చెప్పబాక మాలిక్. నేను చెప్పుకుంటా."

*

సాయంత్రం దీపాలవేళ ఆఖరి బండి వెళ్ళిపోయింది. శివపార్వతి ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, గూట్లో పటం ముందు వెలిగిస్తుంటే వెనక చెప్పులు విడిచిన చప్పుడైంది. యలమందయ్య దణ్ణం పెట్టబోయి ఆగాడు.

"డబ్బా ఏది?"

"కిందుందండీ."

ఆయన బల్లకిందికి వంగి చూశాడు. "కాళ్ళదగ్గరా? అమ్మవారి పక్కన ఉన్నదాన్ని తీసి కాళ్ళదగ్గర పడేశావా?"

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. మాలిక్‌ని తను పంపేసిన సంగతి, నూగు సంగతి, గుడ్డ సంగతి. బొట్టు చెరిపిన మాట కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం గూటివైపే ఉంది.

"అదంతా నాకు తెలవదు పార్వతీ. అది గూట్లోకెక్కిన ఏడే మిల్లు కలిసొచ్చింది. అంతకుముందు రెండేళ్ళూ ఎట్లా ఏడ్చామో నువ్వూ చూశావు. నెమ్మదైతే నెమ్మది. పైనే పెట్టు."

ఇంత వెతుకులాటా వెతికి, దొరకనిది దొరికాక, దాన్ని మళ్ళీ తలుపేసి మూసేయమంటున్నాడు. వత్తి ఎగదోసే పుల్ల ఇంకా శివపార్వతి చేతిలోనే ఉంది. దాన్ని ప్రమిద పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"దసరాకి మనం కాటాకి కూడా బొట్టు పెట్టాం కదండీ?"

"పెట్టాం. అయితే?"

"దానిమీద రోజూ లారీ టైర్లెక్కుతున్నయ్. బురదెక్కుతోంది. గొడ్లు కూడా ఎక్కుతున్నయ్. దాన్ని తీసి గూట్లో పెట్టలేదు కదండీ మనం. దాని పని నేలమీదే కదా అని వదిలేశాం."

యలమందయ్య కిటికీలోంచి కాటావైపు చూశాడు.

"నేను పెట్టిందేనండీ గూట్లో. కాలు తగలకూడదనే పెట్టా. అది లోపల ఊపిరాడక కొట్టుకుంటుంటే, బయట మీరా హుస్సేను లాంటివాళ్ళు పొద్దున్నుంచీ ఎండలో నిలబడుతుంటే, నేను అగరొత్తులు వెలిగించుకుంటూ కూర్చున్నా. అమ్మవారికి ఇది ఇష్టమేనంటారా? నాకు తెలియకడుగుతున్నా."

దీపం కుదురుకుని నిలబడింది. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"కాలు తగిలితే?"

"తగిలితే దణ్ణం పెట్టుకుంటానండీ. ఇదివరకు పెట్టుకున్నట్టే."

"మాటలు బాగానే నేర్చావు," అని గడపదాకా వెళ్ళి ఆగాడు. "సోమవారం చూస్తా. ఏదన్నా తేడా వచ్చిందంటే మాత్రం అది నీ నెత్తినే."

కుర్చీ ఉంటుందని అనలేదు, పోతుందనీ అనలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని చీకట్లో కలిసిపోయాడు.

*

కార్తీక సోమవారం. శివపార్వతి తెల్లవారుజామునే దీపం పెట్టుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చింది. అర్ఫా మంగళగిరినుంచే తన పని మొదలుపెట్టింది. తెరమీద బాణంగుర్తు ఎవరూ తాకకుండానే అటూ ఇటూ తిరుగుతుంటే చైతన్యకృష్ణ పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"అయిపోయింది మేడమ్. మీ సిస్టమ్ చాలా బాగుంది. మొన్న కాన్ఫిగరేషన్ చెప్పడానికి అంత ఇబ్బంది పడ్డారు గానీ, ఏ సమస్యా లేదు."

"అవునమ్మా," అంది శివపార్వతి.

మొదటి ట్రాక్టరు ఎక్కింది. నంబరు, పేరు, ఊరు. తూకం నొక్కింది. నొక్కీ నొక్కగానే అలవాటుకొద్దీ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ప్రింటరు గరగరమంది. చీటీ వచ్చేసింది. ఒళ్ళో పెట్టిన చేతుల్ని గబుక్కున మళ్ళీ పైకి తీసి చీటీ చింపింది. బండి వెనక బండి. ఉదయం ఎండ గేటు దాటకముందే రోడ్డు మీది వరస మిల్లు ఆవరణలోకి వచ్చేసింది.

"ఏందమ్మా, ఇవాళ అసలు కూర్చోనిచ్చేట్టు లేవు!" మీరా హుస్సేన్ కిటికీ దగ్గరకొచ్చి అరిచాడు. "ఇప్పుడే బీడీ ముట్టించా. జపం మానేశావా?"

"బీడీ ఇంటికెళ్ళి కాల్చుకోండి. చీటీ తీసుకుని వెనక బండికి దారియ్యండి."

ఈసారి జనం అతన్ని చూసి నవ్వారు. అతనూ నవ్వాడు.

యలమందయ్య ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఆమె చూడలేదు. కాటా పక్కన, వేపపుల్ల నములుతూ, ఎక్కే బండినీ దిగే బండినీ చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీలోకి తల పెట్టాడు.

"చైతన్యా, ఇక్కడ కూర్చుని ఏం చేస్తావురా? పోయి దించేచోట పత్తి తేమ చూడు. అక్కడెవరూ లేరు."

చైతన్యకృష్ణ లేచి వెళ్ళాడు. యలమందయ్య వెళ్ళబోతూ ఒకసారి గూటివైపు, ఒకసారి బల్లకిందికి చూసి, గాలిలోనే చెయ్యెత్తి దణ్ణంలాంటిదొకటి పెట్టి వెళ్ళిపోయాడు. దేనికి పెట్టాడో ఆయనకే తెలియాలి.

స్టూలు ఖాళీ అయ్యాక శివపార్వతి కుర్చీలో వెనక్కి సర్దుకుంది. పాదం వెళ్ళి డబ్బాకి తగిలింది. పసుపు గుడ్డ లేదు. రేకు వేళ్ళకి చల్లగా తగిలింది. వెనకనుంచి వెచ్చటి గాలి, సన్నగా, ఆగకుండా ఆమె మడమ మీదికి వస్తోంది. వంగడానికి నడుము అప్పుడే కదిలింది.

కాటా మీద బండి ఉంది. పత్తి బోరేల మీద కూర్చున్న ముసలాయన తలమీద తువ్వాలు కప్పుకుని కిటికీవైపే చూస్తున్నాడు.

ఆమె నిటారుగా కూర్చుంది. నంబరు కొట్టింది, పేరు అడిగి కొట్టింది, ఊరు కొట్టింది, తూకం నొక్కింది. చీటీ చింపి అందించింది. ట్రాక్టరు కాటా దిగి వెళ్ళిపోయాక, ఇంకోటి ఎక్కేలోగా, వంగి డబ్బాని ముట్టుకుని కళ్ళకద్దుకుంది.